ఉందామా, పోదామా

ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి ధర కుప్పకూలితే మొదటి దెబ్బ రైతుకు, రెండోది అతనికి అప్పిచ్చిన కమీషన్‌దారుకు. మూడో దెబ్బ గురించి యార్డులో ఎవరూ మాట్లాడుకోరు. అది గోదావరి దాటి, భద్రాచలం దాటి, దుమ్ముగూడెం, చర్ల మండలాల అడవి అంచున ఉన్న, వలస ఆదివాసులైన గొత్తికోయల గూడేల మీద పడుతుంది. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటి పలికిన తేజ రకం 2025 మొదట్లో పద్నాలుగు వేల చుట్టూ తచ్చాడింది. చైనాకు ఎగుమతులు తగ్గాయన్నారు, కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకు పేరుకుపోయిందన్నారు. కారణం ఏదైతేనేం, ధర పడిన మరుసటేడు రైతు నాలుగెకరాల తోటను రెండెకరాలు చేస్తాడు. కోతకు వచ్చే కూలీల్లో సగం మందికి ఆ ఏడు పిలుపు రాదు.

పిలుపు రాని ఏడు గూడెంలో ఒక మాట లేస్తుంది. ఈడనే ఉందామా, అటు పోదామా?

అటు అంటే ఛత్తీస్‌గఢ్. బస్తర్ ప్రాంతంలో సుక్మా, బీజాపూర్ జిల్లాల్లోని ఊళ్లు. 2005 జూన్‌లో, ఆ ప్రాంతమంతా ఇంకా దంతెవాడ జిల్లాలో ఉన్నప్పుడు, సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టుల మీదికి ఊరి జనాన్నే ఆయుధాలిచ్చి నిలబెట్టిన ప్రయోగం అది. ఊళ్లు తగలబడ్డాయి. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకు తోలారు. శిబిరానికి పోనివాళ్లను నక్సలైట్ల మనుషులన్నారు, పోయినవాళ్లను పోలీసుల మనుషులని రెండోవైపు వాళ్లన్నారు. ఎటూ కాని వాళ్లు పిల్లలను చంకనేసుకుని, గిన్నెలు మూటగట్టుకుని, వాగులు దాటి దక్షిణానికి నడిచారు. అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో చెలమ తవ్వుకోను వాగు ఉన్నచోటల్లా ఒక గూడెం వెలిసింది. నందినీ సుందర్ తదితరులు వేసిన కేసులో 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ ప్రయోగం రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పే నాటికి, ఇక్కడికొచ్చాక పుట్టిన పిల్లలు బడి ఈడుకొచ్చారు.

ఇరవై ఏళ్లుగా ఉందామా పోదామా అన్న ప్రశ్నకు జవాబు భయమే చెబుతూ వచ్చింది. ఇప్పుడు పరిస్థితి మారుతోంది. మావోయిస్టు ఉద్యమాన్ని అంతం చేయడానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించింది. 2025 వేసవిలో కర్రెగుట్టల మీద వారాల తరబడి గాలింపు సాగింది, మే 21న ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు ఎదురుకాల్పుల్లో మరణించారు. ఆ పోరాటం మంచిచెడ్డలు ఈ చోట ఇమిడేవి కావు. ఇక్కడ గమనించవలసింది ఒక్కటే. తుపాకుల మాట పక్కకు జరుగుతున్న కొద్దీ వడ్ల మాట, కూలి మాట, పట్టా మాట ముందుకొస్తున్నాయి. పారిపోయి వచ్చిన మనిషి ఇప్పుడు బేరీజు వేసుకునే మనిషి అవుతున్నాడు. ఒక ప్రభుత్వం ఎటు పోతోంది, మరో ప్రభుత్వం ఎటు పోతోంది, ఎవరి దారిలో మన పిల్లలకు కాస్త గంజి దొరుకుతుంది అని తూచుకుంటున్నాడు.

ఆ తూకం ఎలా ఉంటుందో చూడాలి.

అటు వైపు తక్కెడలో పెట్టదగినవి లేకపోలేదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2023-24 పంట నుంచి వడ్లను క్వింటాలుకు 3,100 రూపాయల చొప్పున, ఎకరాకు 21 క్వింటాళ్ల దాకా కొంటోంది. మన వైపు రైతు కూడా ఈ ధర విని నిట్టూరుస్తాడు. తునికాకు ప్రామాణిక బస్తాకు, అంటే యాభై ఆకుల కట్టలు వెయ్యింటికి, 5,500 రూపాయలు ఇస్తోంది. పెళ్లయిన ఆడవాళ్ల ఖాతాలో మహతారీ వందన్ పేరుతో నెలకు వెయ్యి రూపాయలు పడుతున్నాయి. భద్రతా శిబిరాల చుట్టుపక్కల ఊళ్లకు రేషన్, కరెంటు, అంగన్‌వాడీ ఒక్కసారే అందిస్తామంటూ నియద్ నెల్లనార్ అని గోండి పేరుతోనే 2024లో ఒక పథకం తెచ్చారు. సంతలో కలిసిన చుట్టం ఈ సంగతులన్నీ చెబుతాడు. చెప్పి, మీ పొలం మీ చిన్నాయన కొడుకు దున్నుకుంటున్నాడని కూడా చెబుతాడు. అక్కడ ఆగుతుంది కథ. 3,100 రావాలంటే పొలం పేరు మీద ఉండాలి, ఆ పేరు సొసైటీలో నమోదై ఉండాలి. ఇరవై ఏళ్లు గట్టు తొక్కని చేను ఎవరిదో పట్వారీ కాగితం ఒకటి చెబుతుంది, ఊరు ఇంకొకటి చెబుతుంది. ఎవరూ దున్నని చేలో చెట్లు లేచి అది మళ్లీ అడవై కూర్చుంటుంది.

ఇటు వైపు తక్కెడలో మొదట పెట్టేది భద్రాచలం ఏరియా ఆసుపత్రిని. ఇది పట్నం వాళ్లకు వింతగా తోచవచ్చు. సుక్మా నుంచీ, ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచీ కూడా కాన్పులకు ఇక్కడికే వస్తారు. పాము కరిచినా, మలేరియా ముదిరినా ఈ ఆసుపత్రే దిక్కు. గూడెంలో ఏ ఆడమనిషితో ఈ మాట ఎత్తినా, అటు పోతే పురిటికి ఏడికి పోవాలన్నదే మొదటి అడ్డంకి. తర్వాత కూలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి కోత, ఆ వెనకే తునికాకు, వానలు పడితే పత్తి చేలో కలుపు. అటు ఊళ్లలో ఇంత కూలి దొరకదు. అందుకే ఇక్కడ స్థిరపడని వాళ్లు కూడా ఏటా కోతలకు వాగులు దాటి వస్తారు.

ఆ కోతల గురించి కొంచెం చెప్పుకోవాలి. కొనేవాడికి మిర్చి ఎర్రటి రాశి, కోసేవాడికి రాత్రంతా మండే చేతులు. ఎన్నిసార్లు కడిగినా ఆ మంట పోదు. అన్నం కలుపుకుంటే పెదాలకు తగులుతుంది, నిద్రలో కన్ను నలుముకుంటే లేచి కూర్చోవాలి, పసిబిడ్డను ఎత్తుకుంటే బిడ్డ ఏడుస్తుంది. చేను గట్టున టార్పాలిన్ కప్పుకుని మూడు నెలలు గడిపే కుటుంబాల్లో పదేళ్ల పిల్లలు కూడా ఆ బోదెల మధ్యే ఉంటారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ములుగు జిల్లా పేరూరు దగ్గర మిర్చి తోటల నుంచి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి అడవి దారిన నడిచివెళ్తూ పన్నెండేళ్ల పిల్ల ఒకతి ఇల్లు ఇంక కొద్ది దూరం ఉందనగా ప్రాణం విడిచింది. దేశమంతా రెండు రోజులు కళ్లు తుడుచుకుంది. మరుసటి జనవరికి మళ్లీ కోతలు మొదలయ్యాయి, మళ్లీ వచ్చారు. రాక ఏంచేస్తారు?

ఇంత చేసినా ఇటు తక్కెడలో ఒక పెద్ద రాయి తక్కువ. భూమి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి తెలంగాణ ప్రభుత్వం లక్షా 51 వేల మంది గిరిజనులకు నాలుగు లక్షల ఆరు వేల ఎకరాల పోడు భూమికి పట్టాలిచ్చింది. చిన్న పని కాదది, మెచ్చుకోవలసిందే. వలస వచ్చిన గొత్తికోయలకు అందులో హక్కు లేదని మాత్రం అప్పటి ప్రభుత్వం ముందే తేల్చి చెప్పింది. పట్టా లేదు కనుక రైతుబంధు రాలేదు, దాని తర్వాత వచ్చిన రైతు భరోసా రాదు, బ్యాంకు అప్పు రాదు. ఆధార్‌లో అటు చిరునామా ఉంటే ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమూ లేదు. ఒకే సీట్లో కూర్చున్న ఇద్దరు కోయ ఆడవాళ్లలో ఒకామెకు జీరో టికెట్టు, రెండో ఆమెకు డబ్బు టికెట్టు.

సరిగ్గా ఇలాంటి తూకమే ఖమ్మం వైరా రోడ్డు అపార్ట్‌మెంట్లలోనూ నడుస్తోంది. 2025 సెప్టెంబర్ 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన రాత్రి ఈ ఊళ్లో ఎన్ని ఫోన్లు మోగి ఉంటాయో! డాలస్‌లో ఇల్లు కొన్న కొడుకు, న్యూజెర్సీలో కంపెనీ మారబోతున్న కోడలు, ఇక్కడ బీపీ మాత్ర వేసుకుని మేలుకుని కూర్చున్న తల్లిదండ్రులు. వచ్చేద్దామా, గ్రీన్ కార్డు దాకా ఓపిక పడదామా, పిల్లలు ఇక్కడి బడిలో ఇమడగలరా, ఆ దేశం పోకడ చూస్తే ఇంకో అయిదేళ్లకు ఏమవుతుందో. ఆ మాటల్లోంచి డాలర్లు తీసేసి వడ్లు పెట్టండి, గ్రీన్ కార్డు తీసేసి పోడు పట్టా పెట్టండి. చర్ల అడవిలో జరిగే మాటలే. తేడా మనం వినే తీరులో ఉంది. అమెరికా కొడుకు ఆలోచిస్తే దూరదృష్టి అంటాం. గొత్తికోయ ఆలోచిస్తే వీళ్లకు నిలకడ లేదు, ఒకచోట ఉండరు అంటాం.

మన తాతల కాలానికి వెళ్తే ఇంకొకటి కనిపిస్తుంది. రంగూన్‌లో తెలుగువాళ్లు రేవుల్లో, బియ్యం మిల్లుల్లో, రిక్షా బండ్ల దగ్గర తరాల తరబడి బతికారు. 1962 మార్చిలో అక్కడ సైన్యాధిపతి నె విన్ అధికారం చేజిక్కించుకుని సోషలిజం దారి అన్నాడు. 1964లో దుకాణాలు జాతీయమయ్యాయి, అదే ఏడు యాభై, నూరు చాట్ల నోట్లు చెల్లకుండా పోయాయి. ఆ తర్వాతి కొద్ది ఏళ్లలో సుమారు మూడు లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. కట్టుబట్టలతో ఓడ దిగిన వాళ్లలో తెలుగు కుటుంబాలెన్నో. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేట పేరు అలా వచ్చిందే. నోట్లు రద్దు కాకముందే బయల్దేరిన వాళ్లు కొంత సొమ్ముతో వచ్చారు, ఇంకొన్నాళ్లు చూద్దామన్న వాళ్లు వట్టి చేతులతో వచ్చారు. అయినా వచ్చిన వాళ్లకు ఇది స్వదేశం. ఓడ దిగాక నువ్వెవరు అని ఎవరూ అడగలేదు. ప్రభుత్వం అప్పులిచ్చింది, ఇళ్ల స్థలాలు చూపింది.

గొత్తికోయ దేశం కూడా దాటలేదు. రాష్ట్రం దాటాడు, అంతే. అయినా నువ్వెవరు అని అడుగుతూనే ఉన్నారు. రెవెన్యూ వాళ్లు అడుగుతారు, ఫారెస్టు వాళ్లు అడుగుతారు, బడిలో కుల ధ్రువీకరణ పత్రం కోసం అడుగుతారు. అటు షెడ్యూల్డు తెగ, ఇటు ఏమీ కాదు. ఈ చిక్కు ముడికి చట్టంలో ఒక తెలుగువాడి కథ ఉంది. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు తండ్రి ఉద్యోగం కోసం బొంబాయి వెళ్లారు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లది షెడ్యూల్డు తెగ. ఆ హోదాతో బొంబాయి వైద్య కళాశాలలో సీటు అడిగితే కుదరదన్నారు. 1990లో సుప్రీంకోర్టు కూడా కుదరదనే చెప్పింది. రాజ్యాంగం 342వ అధికరణం కింద ఒక తెగను ఒక రాష్ట్రానికి సంబంధించి గుర్తిస్తారు, మనిషి రాష్ట్రం మారితే ఆ గుర్తింపు వెంట రాదు అన్నది తీర్పు సారాంశం. వైద్య సీటు అడిగిన తెనాలి యువకుడి విషయంలో ఆ తర్కం ఒప్పుకోవచ్చు. తగలబడుతున్న ఊరిలోంచి పరుగెత్తిన మనిషికి అదే కొలబద్ద పెడితే ఎలా? ఇష్టపడి వెళ్లడానికీ తరిమితే వెళ్లడానికీ చట్టం ఎక్కడో ఒకచోట తేడా చూపాలి.

చూపే ప్రయత్నం ఒకటి అటవీ హక్కుల చట్టంలో ఉంది. 2006లో వచ్చిన ఆ చట్టం 2005 డిసెంబర్ 13ను గీతగా పెట్టుకుంది. ఆ రోజుకు ముందు అడవి భూమిలో ఉన్న గిరిజనులకు హక్కు. ఆ రోజుకు ముందే అక్రమంగా వెళ్లగొట్టబడి, పునరావాసం దక్కని వాళ్లకు సెక్షన్ 3(1)(ఎం) కింద ప్రత్యామ్నాయ భూమి సహా పునరావాస హక్కు. చదవడానికి హాయిగా ఉంటుంది. సల్వాజుడుం మొదలైంది 2005 జూన్‌లో. అంటే మొదటి ఆరు నెలల్లో ఊరు వదిలినవాడు ఈ సెక్షన్‌లోకి వస్తాడు. 2006లో, 2007లో ఇల్లు కాలినవాడు రాడు. ఏ నెలలో పారిపోయావో దానికి సాక్ష్యం ఏదీ అని అడిగితే, నడి అడవిలో రాత్రివేళ నడిచిన మనిషి ఏ కాగితం చూపిస్తాడు? ఆ సెక్షన్ కింద బస్తర్ నిర్వాసితులకు ఏమైనా చేయవచ్చేమో చూడమని కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2019లో ఛత్తీస్‌గఢ్‌కు రాసింది. ఉత్తరం వెళ్లింది. కదలిక మాత్రం ఆ ఉత్తరమంత వేగంగా లేదు.

అయితే ఈ కథలో దయ ఒక్కటే సరిపోదు. ఇక్కడి కోయల మాట కూడా వినాలి. వలస వచ్చినవాళ్లకు తెగ హోదా ఇస్తే మా ఉద్యోగాలు, మా భూములు పంచుకోవాలి కదా అని వాళ్లంటారు. అది చెడ్డ మనసుతో అనే మాట కాదు. 1976 చట్టంతో తెలంగాణలో లంబాడీలకు షెడ్యూల్డు తెగ హోదా వచ్చింది, పక్కన మహారాష్ట్రలో లేదు. ఆ తేడా చూసి ఎందరు సరిహద్దు దాటి వచ్చారో, దాని మీద ఆదిలాబాద్ గోండులకూ లంబాడీలకూ ఎంత దూరం పెరిగిందో ఈ అడవి మొత్తానికి తెలుసు. కాలిన పిల్లి పాలు చూసినా జంకుతుంది. ఇక అడవి శాఖ మాట. కొత్త పోడు పడితే చెట్టు పోతుంది, నిజమే. మొక్కలు నాటేందుకు వెళ్లిన సిబ్బందికీ గూడెం వాళ్లకూ పెనుగులాటలు జరుగుతూనే ఉన్నాయి. 2017 సెప్టెంబర్‌లో తాడ్వాయి మండలం జలగలంచలో గుడిసెలు కూల్చారు. 2022 నవంబర్ 22న చండ్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర ఎర్రబోడులో ఫారెస్టు రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావును గొత్తికోయలు నరికి చంపారు. ఆయన తన డ్యూటీ మీద వెళ్లిన మనిషి, ఇంటికి రాలేదు. ఆ హత్యకు ఏ పేదరికమూ సమర్థన కాదు. ఆ తర్వాత బెండాలపాడు పంచాయతీ గొత్తికోయలను ఊరి పొలిమేరల్లోంచి వెళ్లగొట్టాలని తీర్మానం చేసింది. చేసిన నేరానికి ఇద్దరు జైలుకు వెళ్తారు, వెళ్లారు కూడా. తీర్మానం మాత్రం గూడెం మొత్తానికి శిక్ష వేసింది. పొయ్యి మీద జావ కాచుకుంటున్న ముసలమ్మకూ అదే శిక్ష.

వెళ్లగొట్టాలంటే ఎక్కడికి అన్నది ఇంకో ప్రశ్న. ఈ సరిహద్దు గీత ఎన్నిసార్లు జరిగిందో చూస్తే నవ్వొస్తుంది. నేడు తెలంగాణ అని మనం గట్టిగా చెప్పుకునే భద్రాచలం ఒకప్పుడు సిరోంచ కేంద్రంగా ఉన్న ఎగువ గోదావరి జిల్లాలో, సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారింది. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడులతో పాటు భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లోని కొన్ని ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. రాముడి గుడి తెలంగాణలో, గుడి పక్క ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో మిగిలాయి. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీల వాళ్లు మమ్మల్ని తిరిగి తెలంగాణలో కలపండని ఇప్పటికీ అడుగుతున్నారు. అడుగు కదపకుండానే రాష్ట్రం మారినవాళ్లు వాళ్లు. ఏ ప్రభుత్వం నీడలో బతుకు బాగుంటుందో మేమే చెబుతామని వాళ్లు అంటే మనకు తప్పు తోచదు. అదే మాట పక్క గూడెంలో గోండి యాసలో వినిపిస్తే మాత్రం చెవికి ఎక్కదు.

ఇంతకీ అటు పోవడం మీద గూడెం పెద్దలకు ఉన్న అసలు సందేహం వడ్ల ధర మీద కాదు. ఆ ధర ఎన్నికలతో వచ్చింది, ఎన్నికలతో మారవచ్చు. బస్తర్ ఎటు పోతోందన్నదే వాళ్ల ప్రశ్న. 1968 నుంచి బైలదిల్లా కొండల ఇనుము కిరండూల్ రైలెక్కి విశాఖ రేవుకు వస్తూనే ఉంది. నగర్నార్ ఉక్కు కర్మాగారాన్ని 2023 అక్టోబర్ 3న ప్రధాని జాతికి అంకితం చేశారు. మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురానికి రైలు మార్గాన్ని 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. కొత్తగూడెం నుంచి కిరండూల్‌కు మరో లైను సర్వే జరిగింది. రోడ్లు పడుతున్నాయి, టవర్లు లేస్తున్నాయి. రోగిని మంచం మీద మోసిన ఊరికి రోడ్డు వద్దని ఎవరూ అనరు. రోడ్డు అంబులెన్సు కోసమా, లారీ కోసమా అన్న అనుమానం ఉంది. 2021 మేలో సిల్గేర్‌లో శిబిరానికీ రోడ్డుకూ వ్యతిరేకంగా కూర్చున్న జనం మీద కాల్పులు జరిగి ముగ్గురు పోయారు. మరోవైపు లోహండిగూడ ఉంది. టాటా ఉక్కు కర్మాగారానికని 2005లో ఒప్పందం చేసుకుని పది ఊళ్లలో భూమి తీసుకున్నారు, కర్మాగారం రాలేదు, 2019 ఫిబ్రవరిలో ఆ భూమిని 1,707 మంది రైతులకు తిరిగి ఇచ్చారు. దేశంలో ఇలా జరగడం అరుదు. అక్కడి ప్రభుత్వాల దారి ఒక్కోసారి వెనక్కీ తిరుగుతుందని దాన్ని చూపించి ఒకరంటారు. సల్వాజుడుం మొదలైందీ ఆ ఒప్పందం రాసుకుందీ ఒకే నెలలో కదా అని ఇంకొకరంటారు. ఏ ఆర్థికవేత్తల సదస్సులోనైనా ఇంతకన్నా ముదురు వాదన వినగలమా అని సందేహం.

ఇదివరకు కొందరు వెళ్లి చూశారు కూడా. 2008లో బస్తర్‌లోని నేంద్ర ఊరివాళ్లు వనవాసి చేతన ఆశ్రమం అనే స్వచ్ఛంద సంస్థ అండతో తిరిగి వెళ్లి గుడిసెలు వేసుకున్నారు. అండగా నిలిచిన ఆ ఆశ్రమాన్నే మరుసటేడు మేలో కూల్చేశారు. 2019 ఏప్రిల్‌లో పాతిక కుటుంబాలు సుక్మా జిల్లా మరాయిగూడకు ఊరేగింపులా వెళ్లాయి. అలా వెళ్లిన వాళ్లు ఎలా ఉన్నారో గూడేల వాళ్లు సంతలో ఆరా తీస్తూనే ఉంటారు.

ప్రభుత్వాలకు చెప్పగలిగింది ఒకటుంది. ఉండమనీ వద్దు, పొమ్మనీ వద్దు. రెండు రాష్ట్రాలూ కేంద్రమూ కూర్చుని, పోయినవాడికి అక్కడి పాత భూమి లేదా దాని బదులు భూమి, ఉన్నవాడికి ఇక్కడ తెగ హోదాతో సంబంధం లేకుండానే ఇల్లు, రేషన్, బడి, ఆసుపత్రి అని రాసి ఇవ్వవచ్చు. స్థానిక కోయల రిజర్వేషన్ జోలికి పోకుండా చేయగల పని ఇది. అడవిలో కొత్తగా చెట్టు కొట్టకూడదన్న షరతు పెట్టినా గూడెం ఒప్పుకుంటుంది, ఇక్కడ తను ఇప్పటికే దున్నుతున్న పొలం చుట్టూ అటవీ శాఖ కందకం తవ్వదన్న హామీ ఉంటే. గీత 2005 డిసెంబర్ 13 దగ్గర ఉన్నంతకాలం ఇవేవీ జరగవు కనుక, నిర్వాసితుల వరకైనా ఆ తేదీని పార్లమెంటు జరపాలి.

పిల్లల సంగతి వీటన్నిటికన్నా గడ్డు. ఇక్కడ పుట్టిన పిల్లలు ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియంలో చదువుతున్నారు. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, అటు ఉన్న అన్నకు ఫోన్ చేసినప్పుడు కొంచెం హిందీ. ఏడో తరగతి పిల్లను అటు తీసుకెళ్తే హిందీ మీడియం, అంటే మళ్లీ అక్షరాల దగ్గర మొదలు. అమెరికా నుంచి వచ్చే పిల్లలకు హైదరాబాద్‌లో ఇంటర్నేషనల్ స్కూళ్లు సిద్ధంగా ఉంటాయి. చర్ల నుంచి సుక్మా వెళ్లే పిల్లకు వంతెన బడి ఎవరూ కట్టలేదు. అందుకే చాలా ఇళ్లలో పెద్దవాళ్లు పోదామంటుంటే పిల్లలు మేము రామంటున్నారు. ఇది వాళ్ల ఊరు. వాళ్లు చూసిన వాగు ఇదే.

కొన్ని కుటుంబాలు దీనికి తమదైన ఉపాయం కనిపెట్టాయి. తమ్ముడు అటు పోయి తండ్రి చేను మీద గుడిసె వేసుకుంటాడు, దాన్ని పేరు మీద రాయించుకునే దాకా అక్కడే ఉంటాడు. అన్న ఇక్కడే ఉంటాడు, పిల్లల బడి, మిర్చి కూలి, ముసలి తల్లి మందులు చూసుకుంటాడు. కోతలప్పుడు తమ్ముడు ఇటు, నాట్లప్పుడు అన్న అటు. ఖమ్మంలో ఫ్లాటు, డాలస్‌లో ఇల్లు పెట్టుకున్న వాళ్లు దీన్ని వెంటనే గుర్తుపడతారు.

తమ్ముడు లేని ఇళ్లు మాత్రం ఇంకా తేల్చుకోలేదు. అటు చేను బాగుచేయాలంటే మృగశిర కార్తెలో తొలకరి పడే లోపు చేరి, లేచిన చెట్లు కొట్టి, గట్టు వేయాలి. ఇటు మిర్చి రైతు నారు పోసుకునే ముందే కూలీల మేస్త్రీ వచ్చి ఈ ఏడు ఎంతమంది అని అడిగి బయానా ఇచ్చిపోతాడు. బయానా తీసుకుంటే ఏడాది ఇక్కడే. ఈసారి మేస్త్రీ ఇంకా రాలేదు.